మా రోజుల్లో పలక బరువుగా ఉండేది

బొమ్మలేసే కుర్రకారుని ఇప్పుడు ఏ పెన్ డిస్‌ప్లే (కలంతో నేరుగా తెరమీదే గీసే పలక) గురించి అడిగినా ముందు మందం చెబుతారు, తరవాత బరువు. రంగు సంగతీ గీత సంగతీ మూడోమాటకి గానీ రావు. 2024లో జపాన్ కంపెనీ వాకామ్ ‘మూవింక్ 13’ అని ఒకటి విడుదల చేసింది. 13.3 అంగుళాల ఓలెడ్ తెర, సన్నగా ఉన్నచోట 4 మిల్లీమీటర్లు, లావుగా ఉన్నచోట 6.6, బరువు 420 గ్రాములు. అదే కంపెనీ 2011లో తెచ్చిన సింటిక్ 24 హెచ్‌డీ స్టాండుతో కలిపి 28 కిలోల పైచిలుకు. దాన్ని బల్లెక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకటి పదమూడు అంగుళాలది, ఇంకోటి ఇరవైనాలుగుది కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం పూర్తి న్యాయం కాదు. అయినా పోకడ ఎటో తెలియడానికి ఆ రెండు అంకెలు చాలు.

వస్తువుని పలచన చెయ్యడమంటే అందులోంచి ఒక్కొక్కటీ తీసెయ్యడమే. ఈ పాతికేళ్లలో పెన్ డిస్‌ప్లేలోంచి తీసేసినవాటిలో కొన్ని మా ప్రాణానికి పీడగా ఉండేవి. వాటిని వదిలించిన ఇంజినీర్లకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాను. ఇంకొన్ని మా పనిముట్లు. రోజూ వాడుకుంటున్నవి, చెయ్యి అలవాటు పడ్డవి. వాటిని తీసేముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు. నా గొడవంతా ఈ రెండోరకం గురించే.

మా రోజుల్లో ఆర్టిస్టు అంటే ముందు బల్ల. విజయవాడలో వారపత్రికలకి బొమ్మలేసేవాళ్లకి ఏటవాలు చెక్క బల్ల ఉండేది. దానిమీద డ్రాయింగ్ బోర్డు, బోర్డు మీద ఐవరీ కార్డు, పక్కన ఇండియన్ ఇంక్ బుడ్డి, పాళీ కలాలు, ప్రాణంగా దాచుకునే సేబుల్ కుంచె ఒకటి. అచ్చయ్యే సైజు కంటే బొమ్మ పెద్దగా వేసేవాళ్లం. బ్లాకు చేసేటప్పుడు కుదిస్తారు గనక గీతలో ఉన్న కాస్త వణుకూ అణిగిపోయేది. జింకు లైన్ బ్లాకుకి బూడిద రంగు తెలీదు. ఉంటే నలుపు, లేకపోతే తెలుపు. చెంపమీద నీడ కావాలంటే సన్నటి అడ్డగీతలు ఒక్కొక్కటీ గీసుకోవాల్సిందే. చిత్రకారుడు బాపు గారి కుంచె ఒక్క విసురులో సన్నం నుంచి లావుకి, లావు నుంచి మళ్లీ సన్నానికి వెళ్లి ఆగిపోయేది. మా తరం మొత్తం ఆ విసురు చేతికి ఎక్కించుకోవాలని ఏళ్లతరబడి కార్డులు నల్లచేసింది.

పాళీ సంగతి కొంచెం చెప్పాలి. కొత్త పాళీ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటుంది. అలాగే సిరాలో ముంచితే సిరా బొట్టుబొట్టుగా జారిపోతుంది, పాళీకి పట్టదు. అందుకని అగ్గిపుల్ల వెలిగించి మంటలో ఒక్క క్షణం చూపించి, గుడ్డతో తుడిచి, అప్పుడు ముంచేవాళ్లం. నొక్కితే రెండు చీలికలూ విడిపడి గీత లావవుతుంది, వదిలితే కలిసిపోయి సన్నమవుతుంది. కార్డు మీద కర్రుమని చిన్న చప్పుడు. కాగితం ఎంత పట్టు ఇస్తోందో, సిరా ఎంత మిగిలిందో ఆ చప్పుడే చెప్పేది. పాళీ అరిగితే పీకి అవతల పడేసి ఇంకోటి గుచ్చుకునేవాళ్లం. కలం పాడైపోయిందని పని ఆగిన రోజు లేదు.

పాళీ ఆనినచోటే గీత పడేది. చేతికి కాగితం పట్టు తెలిసేది. బల్ల కదిలేది కాదు. పాడైనదాన్ని మా చేత్తోనే బాగుచేసుకునేవాళ్లం. ఈనాటి ఇంజినీర్లు ఇంత కష్టపడి గాజు మీద సాధించాలని చూస్తున్నది మేం చెక్కమీదా కాగితంమీదా అనుభవించిందే. మొదటి రెండింటికీ వాళ్లు చాలా దగ్గరికొచ్చారు. తరవాతి రెండింటినీ చేతులారా పారేస్తున్నారు.

తెరమీదే గీయాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1963లో అమెరికాలో ఎంఐటీ వాళ్ల లింకన్ లేబొరేటరీలో ఇవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ తయారుచేశాడు. టీఎక్స్-2 అనే పెద్ద కంప్యూటరు తెరకి లైట్ పెన్ను ఆనించి గీతలు గీశాడు. ఆ తెర మనిషికి ఎదురుగా నిలువుగా ఉండేది. చెయ్యి గాల్లో ఎత్తి పట్టుకుని ఎంతసేపు గీస్తాం? భుజం పడిపోతుంది. అందుకే తరవాత కొన్ని దశాబ్దాలపాటు మొగ్గు బల్లమీద పడుకుని ఉండే తెరలేని ట్యాబ్లెట్ వైపుకే పోయింది. మన హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోలు పుట్టిన రోజుల్లో కుర్రాళ్లంతా పనిచేసింది వాటిమీదే. చెయ్యి కింద బల్లమీద, చూపు ఎదురుగా తెరమీద. పుట్టిన దగ్గర్నుంచి చూసినచోటే గీసిన చేతికి ఇది ఎంత హింసో గీసినవాళ్లకి తెలుసు. సరళరేఖ వచ్చేస్తుంది. ముఖంలో కనురెప్ప మీద గీత మటుకు రాదు.

1983లో మొదలైన వాకామ్ ఈ రంగంలో చేసిన అసలైన ఘనకార్యం కలంలోంచి బ్యాటరీనీ తీగనీ తీసెయ్యడం. తెర వెనకాల ఒక పలచటి బోర్డు ఉంటుంది, దానిమీద అడ్డంగా నిలువుగా సన్నటి రాగి తీగల చుట్లు. అవి ఒకసారి విద్యుదయస్కాంత తరంగాన్ని పంపుతాయి, ఆగి వింటాయి, మళ్లీ పంపుతాయి. కలంలో ఒక తీగచుట్టా ఒక కెపాసిటరూ ఉంటాయి. తంబురాలో ఒక తీగ మీటితే అదే శ్రుతిలో ఉన్న పక్క తీగ తనంతట తనే మోగినట్టు, బోర్డు పంపిన తరంగానికి కలంలోని చుట్ట మోగుతుంది. ఆ మోత ఏ చుట్ల దగ్గర ఎంత గట్టిగా వినపడిందో లెక్కకట్టి కలం ఎక్కడుందో తేలుస్తారు. ములుకు మీద ఒత్తిడి పెరిగితే శ్రుతి రవంత మారుతుంది, దాన్నిబట్టి గీత లావవుతుంది. కలం వాలిస్తే మోత ఒకపక్కకి ఒరుగుతుంది, దాన్నిబట్టి కుంచె వాలు తెలుస్తుంది. ఇంత చేసీ కలానికి ఛార్జింగు అక్కర్లేదు. మూలన పడేసి ఆర్నెల్ల తరవాత తీసినా గీస్తుంది. ఇలా పనికొచ్చే తీసివేత ఇంజినీరింగ్ చరిత్రలో అరుదు. దీన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఈ బోర్డుని ఫ్లాట్ తెర వెనకాల అమర్చి 2000ల మొదట్లో సింటిక్‌లు తెచ్చారు. చూసినచోటే గీత మళ్లీ మా దగ్గరికి వచ్చింది. 2005లో వచ్చిన సింటిక్ 21యూఎక్స్ మీద పనిచేసినవాళ్లని అడగండి, దాని పేరు చెబితే ఇప్పటికీ ముఖం వెలుగుతుంది. అయితే అందులోనూ పీడలున్నాయి. ఒకటి వేడి. ఆ రోజుల్లో ఎల్‌సీడీ తెర వెనకాల వెలుగునిచ్చేది సన్నటి ఫ్లోరసెంట్ గొట్టాలు. గంట గడిచేసరికి అద్దం వెచ్చబడి అరచెయ్యి చెమట పట్టేది. బెజవాడ మే నెలలో ఏసీ లేని గదిలో ఆ అద్దం మీద చెయ్యానించి పూటంతా పనిచెయ్యడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేతికింద రుమాలు వేసుకునేవాళ్లం, చూపుడువేలూ బొటనవేలూ తప్ప మిగతా వేళ్లకి గుడ్డ తొడుక్కునేవాళ్లం.

రెండోది అంతకంటే పెద్ద పీడ. పైన గాజు పలక, దానికీ ఎల్‌సీడీ తెరకీ మధ్య గాలి సందు. కలం ములుకు గాజుమీద ఉంటుంది, గీత లోపలెక్కడో అడుగున పడుతుంది. నిటారుగా చూస్తే సరే, తల పక్కకి వంచితే ములుకూ గీతా విడిపోతాయి. కంటిపాప వెయ్యబోతే రెప్పమీద పడుతుంది. సెట్టింగుల్లో నాలుగు మూలలా గుర్తులు తాకి సరిచేసుకునేవాళ్లం, కుర్చీ కాస్త జరిగితే ఆ సరిచెయ్యడమంతా వృథా.

ఈ రెండు పీడల్నీ వదిలించడమే పలచన చేసే ఇంజినీరింగ్‌లో అసలు పుణ్యకార్యం. గాజుకీ తెరకీ మధ్య గాలి సందులో పారదర్శకమైన జిగురు నింపి రెంటినీ ఏకం చేశారు. ములుకూ గీతా కలిశాయి. లోపలి ప్రతిఫలనాలు కూడా తగ్గి నలుపు నల్లగా కనపడింది. ఫ్లోరసెంట్ గొట్టాల బదులు ఎల్‌ఈడీలు వచ్చాయి, వాటి తరవాత ఓలెడ్ వచ్చింది. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తన వెలుగు తనే ఇస్తుంది. ఇక వెనక దీపం అక్కర్లేదు, ఆ వెలుగుని తెరంతా పరిచే పలక అక్కర్లేదు, దాని మీది మసక పొరలు అక్కర్లేదు. మిల్లీమీటర్లకి మిల్లీమీటర్లు అక్కడే మిగిలాయి. వేడి తగ్గింది గనక ఫ్యాను అక్కర్లేదు. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెవిపక్కన ఫ్యాను గీ మంటుంటే పనిచేసిన నాకు ఈ మౌనం విలువ తెలుసు.

మిగిలిన కష్టం పైకి కనపడనిది, నాకు వాళ్లమీద గౌరవం అంతా దానికే. పలక మందం సగం చేస్తే దాని బిరుసు సగానికి తగ్గి ఊరుకోదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మందం ఘనం చొప్పున పోతుంది అది. తెరమీద చదువుకునేవాడు దాన్ని వేలితో తాకుతాడు. ఆర్టిస్టు మణికట్టు, అరచెయ్యి, ఒక్కోసారి ముంజెయ్యి బరువంతా ఆనించి నొక్కుతాడు. గాజు వంగితే దాని కిందున్న తెరమీద ఒత్తిడి పడుతుంది. అందుకని మూవింక్ లాంటివాటికి వీపు మెగ్నీషియం మిశ్రమంతో చేస్తారు. దాని సాంద్రత అల్యూమినియంలో మూడింట రెండు వంతులే. బరువు పెంచకుండా బిరుసు తెచ్చుకునే ఉపాయం.

అయితే వీపు లోహమైతే ఇంకో తంటా. తీగచుట్లు పంపిన తరంగం ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుట్టించి నీరసపడిపోతుంది, కలం మోత సరిగ్గా వినపడదు. సెన్సర్ బోర్డుకీ వీపుకీ మధ్య అయస్కాంత క్షేత్రాన్ని మళ్లించే పలచటి పొర ఒకటి వెయ్యాలి. పైనేమో తెరని నడిపే సర్క్యూట్లు తమ రొద తాము చేస్తుంటాయి. లావు వస్తువులో వీటన్నిటినీ దూరదూరంగా పెట్టొచ్చు. నాలుగు మిల్లీమీటర్లలో అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఆ రొదలో కలం గుసగుసని విని, అది ఎక్కడుందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పాలి. అంచుల దగ్గర ఇంకా కష్టం. తెర అయిపోయినచోట తీగచుట్లు కూడా అయిపోతే మోత ఒకవైపే వినపడుతుంది, లెక్క తప్పుతుంది. అందుకని సెన్సర్ తెరకన్నా కాస్త బయటికి సాగాలి. చుట్టూ ఉన్న నల్లటి పట్టీ అందుకే. దాన్ని కూడా సన్నం చెయ్యమని అడిగే కుర్రాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ పట్టీ తెర మూలల్లో మీ గీతని కాపాడుతోందిరా నాయనా.

కలం ఎన్ని ఒత్తిడి మెట్లు పసిగడుతుందన్న సంగతి ఒక్కమాటలో తేల్చేస్తాను. సింటిక్ 21యూఎక్స్ రోజుల్లో 1024 అన్నారు, తరవాత 2048, ఇప్పుడు 8192 అంటున్నారు. ఆర్టిస్టుకి కావాల్సింది ఆ పెద్ద అంకె కాదు. కలం గాజుని ఎంత మెల్లగా తాకితే మొదటి గీత పుడుతుందన్నది కావాలి. కనుబొమ వెంట్రుక పుట్టేది అక్కడ. డబ్బామీద ఆ కొలత ముందు రాయాలి.

ఇక నా గొడవ.

మొదట స్టాండు తీశారు. 2013లో వచ్చిన సింటిక్ 13హెచ్‌డీకి స్టాండు పెట్టెలోనే ఉండేది, వాలు మార్చుకోవచ్చు. మూవింక్‌కి స్టాండు విడిగా కొనుక్కోవాలి. పలకని బల్లమీద పడుకోబెట్టి గియ్యమంటున్నారు. బల్లమీద సమంగా పడుకున్న పలకని చూడాలంటే మెడ వంచాలి. నాలుగేళ్లు అలా గీసిన కుర్రాళ్లు ముప్పై దాటకుండానే మెడకి పట్టీ కట్టుకుని ఫిజియోథెరపీ చుట్టూ తిరగడం నేను చూస్తున్నాను. మా చెక్క బల్లకి ఏటవాలు ఊరికే పెట్టలేదు. ఏటవాలుగా ఉంటే పైభాగానికీ కిందిభాగానికీ కంటి దూరం ఒకటిగా ఉంటుంది. లేకపోతే నిలబడ్డ మనిషి బొమ్మ వేసినప్పుడు తల పెద్దదైపోతుంది, గియ్యేటప్పుడు తెలీదు, నిలబెట్టి చూస్తే తెలుస్తుంది. కాళ్లు లేని పలకని ప్రొఫెషనల్ పనిముట్టు అనకూడదు. ఆ కాళ్లు వస్తువులో భాగం.

తరవాత బటన్లు. పాత సింటిక్‌లకి తెర పక్కన బటన్లూ, వేలితో రుద్దే పట్టీలో చక్రాలో ఉండేవి. ఎడమచెయ్యి వాటిమీదే ఉండేది. అన్‌డూ, కుంచె సైజు, జూమ్, కాన్వాసు తిప్పడం, అన్నీ చూడకుండా. కుడిచెయ్యి ముక్కు గీస్తుంటే ఎడమచెయ్యి దానంతటదే కుంచె సన్నం చేసేది. సితారు వాయించేవాళ్లలాగా రెండు చేతుల పని అది అని నేను పోల్చను గానీ, ఏళ్ల సాధన మటుకు అంతే పట్టింది. 2016లో వచ్చిన సింటిక్ ప్రోలలో ఒంటిమీది బటన్లు పోయాయి, చేతి రిమోట్ విడిగా వచ్చింది. 2022లో 27 అంగుళాల సింటిక్ ప్రో తెచ్చినప్పుడు బటన్లని వెనకవైపు పట్టులమీద పెట్టారు. అంటే అవి కావాలని వాళ్లకీ తెలుసు. కానీ పలచటి పలకల దగ్గరికొచ్చేసరికి వేలికి తగలని టచ్ గుర్తులు ఒకటి రెండు మిగిలాయి. వేలికింద గట్టు ఉంటేనే చూడకుండా నొక్కగలం. నున్నటి గాజుమీద గుర్తుని వెతుక్కోవాలంటే చూపు బొమ్మమీంచి ఎత్తాలి. ఒక్కసారి ఎత్తితే ఏం కాదు. పూటకి వెయ్యిసార్లు ఎత్తితే ఆ బొమ్మలో నువ్వు లేవు.

బరువు గురించి నేను అంటే పిల్లలు ఒప్పుకోరు. అయినా అంటాను. బల్లమీద పెట్టిన వస్తువు కదలకుండా ఉండటానికి బరువు కావాలి. పెద్ద వంపు గీసేటప్పుడు చెయ్యి భుజం నుంచి కదులుతుంది. 420 గ్రాముల పలక ఆ విసురుకి జరుగుతుంది, అడుగున రబ్బరు ముక్కలున్నా సరే. రెండో చేత్తో పట్టుకుని గియ్యాల్సి వస్తుంది. ఇక ఆ రెండో చేతికి బటన్లు ఉన్నా ఉపయోగం ఏముంది?

మా తమ్ముడి కూతురు హైదరాబాద్‌లో గేముల కంపెనీలో పాత్రల బొమ్మలు వేస్తుంది. “బ్యాగులో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు పెదనాన్నా” అంటుంది. నిజమే, పోవచ్చు. కానీ ఈ పలకలో కంప్యూటరు లేదు. ల్యాప్‌టాప్ వెంట ఉండాల్సిందే, దాని ఛార్జరు ఉండాల్సిందే, కేబుల్ ఉండాల్సిందే. రెండు కిలోల ల్యాప్‌టాప్ పక్కన మోసుకెళ్లేదానిలో మూడు వందల గ్రాములు మిగిల్చి ఏం లాభం? యాపిల్ వాళ్లు అదే 2024లో 13 అంగుళాల ఐప్యాడ్ ప్రోని 5.1 మిల్లీమీటర్లకి తెచ్చారు, అందులో కంప్యూటరు కూడా ఉంది. పోటీ దానితో పెట్టుకున్నారని నాకు అనిపిస్తుంది. పోటీ అక్కడ పెట్టుకోవడమే తప్పు. పూర్తి ఫొటోషాపు, త్రీడీ సాఫ్ట్‌వేర్లు నడిపే పెద్ద మెషీనుకి తగిలించుకునే పలక వేరు, రైల్లో ఒళ్లో పెట్టుకునేది వేరు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. సినిమా కథాచర్చల్లో కాన్సెప్ట్ ఆర్టిస్టు దర్శకుడి పక్కన కూర్చుని, ఆయన చెబుతుంటే అక్కడికక్కడే గీసి చూపిస్తాడు. అలాంటి చోట 28 కిలోల సింటిక్ ఎందుకూ పనికిరాదు. అక్కడ ఈ పలచటి పలకే రాజు.

ఇంకో సంగతి దాచకూడదు. ఓలెడ్ తెరమీద ఒకే బొమ్మ గంటలతరబడి కదలకుండా ఉంటే దాని నీడ మిగిలిపోయే ప్రమాదం ఉంది. సినిమా చూసేవాడికి ఆ బెంగ లేదు, బొమ్మ ఎప్పుడూ కదులుతుంది. ఆర్టిస్టు తెరమీద ఎడమపక్క పనిముట్ల పట్టీ, కుడిపక్క లేయర్లు, రోజుకి పది గంటలు, సంవత్సరాలపాటు అక్కడే ఉంటాయి. నేనైతే పట్టీలు దాచేసి పనిచెయ్యమని మా పిల్లకి చెప్పాను. వింటోంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది స్క్రూలు పోవడం. పాత పెన్ డిస్‌ప్లే ఒకటి నా దగ్గర చాలాకాలం ఉండేది. వెనక రబ్బరు పాదాలు పీకితే వాటికింద స్టార్ తల స్క్రూలు. అవి విప్పి, అంచులోకి పాత ఫోన్ కార్డు జొనిపితే టక్కుమని మూత ఊడొచ్చేది. లోపల అంతా విడివిడిగా కనపడేది. ఇదిగో తెరకి పోయే రిబ్బన్ కేబుల్, ఇదిగో సెన్సర్ బోర్డు, ఇదిగో పవర్ బోర్డు. ఒకసారి మధ్యమధ్య తెర ఆరిపోతుంటే విజయవాడలో ఒక ఎలక్ట్రానిక్స్ మరమ్మతు దుకాణంలో కుర్రాడు భూతద్దం పెట్టి చూసి, పవర్ బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు రెండు పీకి కొత్తవి అతికించి ఇచ్చాడు. అరగంట పని. ఆ పలక ఆ తరవాత కూడా ఏళ్లపాటు నాకు అన్నం పెట్టింది.

తరవాత కొన్న పలచటిదాని సంగతి వేరు. కేబుల్ గుచ్చే పోర్టు వదులైంది. కేబుల్ కదిపితే తెర ఆరుతుంది, ఒక కోణంలో పట్టుకుంటే వెలుగుతుంది. సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే ఆ పోర్టు ప్రధాన బోర్డుకే అతికి ఉంది, బోర్డు విడిగా రాదు, మొత్తం మార్చాలన్నారు. చెప్పిన ధర కొత్తది కొన్నంత. రోజుకి రెండుసార్లు గుచ్చి పీకే భాగం అది. వస్తువు మొత్తంలో మొట్టమొదట అరిగేది అదేనని తయారుచేసినవాళ్లకి తెలియదా? మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ పెట్టింది, ఎలక్ట్రానిక్స్‌ని అందులో చేర్చింది. సంతోషం. నా పలకకి విడిభాగం మటుకు నాకు దొరకలేదు.

స్క్రూలు పోవడం వెనకున్న కారణం నాకు తెలియక కాదు. స్క్రూ దిగాలంటే దానికి కింద చిన్న గొట్టం ఉండాలి, ఆ గొట్టానికి ఎత్తు ఉండాలి. నాలుగు మిల్లీమీటర్లలో ఆ ఎత్తు లేదు. జిగురు పట్టీకి ఎత్తు అక్కర్లేదు. నేను పైన దణ్ణం పెట్టిన జిగురే ఇక్కడికొచ్చేసరికి నాకు శత్రువైంది. గాజునీ తెరనీ కలిపిన జిగురు ములుకునీ గీతనీ కలిపింది. దాని మూలంగా గాజు పగిలితే తెరతో సహా మార్చాల్సిందే, ఆ ఖర్చు నేను భరిస్తాను, ఎందుకంటే ప్రతి గీతలోనూ దాని ఫలితం నాకు దక్కుతోంది. వీపు మూతకి వేసిన జిగురు వల్ల నా గీతకి ఏం ఒరిగింది? పోర్టుని ప్రధాన బోర్డుకి అతికించడం వల్ల నా బొమ్మలో ఏ రంగు మెరుగుపడింది? ఒక మిల్లీమీటరు తగ్గింది. ఆ మిల్లీమీటరు ప్రకటనలో ఫొటోకి పనికొచ్చింది.

ఒక్కటి మటుకు నికరంగా చెప్పాలి. ఇలాంటి పలకలకి చాలావాటికి లోపల బ్యాటరీ ఉండదు, కరెంటు కేబుల్ లోంచే వస్తుంది. బ్యాటరీ ఉబ్బి తెర లేచిపోవడం, మూడేళ్లకి ఛార్జి నిలవకపోవడం ఇక్కడ లేవు. కలంలోనూ బ్యాటరీ లేదు. అంటే, ఓలెడ్ నీడ భయం పక్కనపెడితే, కాలంతోపాటు తప్పనిసరిగా చచ్చే భాగం ఇందులో దాదాపు లేనట్టే. ఏళ్లకేళ్లు బతకగల వస్తువు ఇది. అలాంటిదాన్ని ఒక వదులు పోర్టు కోసం చెత్తబుట్టలో వెయ్యాల్సి రావడం నాకు మింగుడు పడదు. పెద్దమొత్తం ఖర్చుపెట్టి కొనేవాడు, అప్పుచేసి కొనే డిగ్రీ కుర్రాడు, వాళ్లిద్దరికీ ఇది పనిముట్టు. ఫోన్ మార్చినట్టు రెండేళ్లకోసారి మార్చే వస్తువు కాదు.

ఎనిమిది మిల్లీమీటర్లున్నా కొంటాను. ఏడువందల గ్రాములున్నా మోస్తాను, మోకాళ్లు సహకరించినన్నాళ్లూ. వెనక మడతకాళ్లు రెండు ఇవ్వండి, కనీసం ఇరవై డిగ్రీలు లేవాలి. ఎడంవైపు వేలికి తగిలే గట్టి బటన్లు నాలుగివ్వండి, ఎడమచేతివాటం వాళ్లు పలకని తలకిందులు చేసుకుంటారు. మూత స్క్రూలతో బిగించండి. కేబుల్ పోర్టుని చిన్న విడి బోర్డు మీద పెట్టి, దాన్ని ప్రధాన బోర్డుకి రిబ్బన్‌తో కలిపి, ఆ బోర్డుని పాళీ అమ్మినట్టు విడిగా అమ్మండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఉన్న ఏ మరమ్మతు కుర్రాడైనా పది నిమిషాల్లో మార్చి ఇస్తాడు.